అమెరికాకు ఓడలో వెళ్దామనుకుంటున్నాం, మంచి ఆలోచనేనా?

మంగళంరోడ్డు_టీచర్
నేనూ మావారూ రిటైరైన టీచర్లం, తిరుపతి. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. విమానంలో అంతసేపు కూర్చుంటే మావారికి కాళ్ళు వాచిపోతున్నాయి. ఈసారి చెన్నై నుంచి లండన్ దాకా విమానం, అక్కడినుంచి బస్సులో సౌతాంప్టన్, ఆ తర్వాత క్వీన్ మేరీ 2 ఓడలో న్యూయార్క్ అనుకుంటున్నాం. ఏడు రాత్రులు, మధ్యలో ఏ రేవూ లేదు, అంతా నీళ్ళే. అమెరికా వీసా ఉంది, బ్రిటన్‌ది తీసుకోవాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

తోతాపురి
వద్దు మేడం. లండన్ దాకా ఎట్లాగూ కూర్చుంటారు కదా, ఇంకో ఏడెనిమిది గంటలు కూర్చోలేరా? దానికోసం వారం రోజులు, అంత డబ్బు! చూసేదానికి ఒక ఊరు లేదు, ఒక గుడి లేదు.

పుత్తూరు_కట్టు
సౌతాంప్టన్ అంటే టైటానిక్ బయల్దేరిన ఊరే కదా 😄

కపిలతీర్థం
సముద్రయానాన్ని బౌధాయన ధర్మసూత్రం పతనీయాల్లో, అంటే మనిషిని కులభ్రష్టుణ్ణి చేసే పాపాల్లో చేర్చింది. 1888లో గాంధీగారిని కులంవాళ్ళు వెలేసింది ఇందుకే. సరే, అది పాతకాలం మాట అనుకుందాం. నా సందేహం వేరు. ఓడ పడమరకు పోతుంటే రాత్రిపూట గడియారం గంట వెనక్కి తిప్పుతారట. మరి ఏకాదశి ఉపవాసం ఎన్ని గంటలు? పారణ, అంటే ఉపవాసం విడిచే భోజనం ఎప్పుడు?

డెక్_కింద
అక్కా, నేను తిరుపతిలోనే హోటల్ మేనేజ్‌మెంట్ చదివి క్రూయిజ్ ఓడల కిచెన్లలో పనిచేశాను (మీరు చెప్పిన ఓడలో కాదు). అట్లాంటిక్ దాటడానికి రెండు దారులున్నాయి. కరేబియన్ సీజన్ అయిపోయాక ఏప్రిల్, మే నెలల్లో ఓడలు మధ్యధరా వైపు వస్తాయి, అక్టోబరు, నవంబరుల్లో తిరిగి పోతాయి. ఎట్లాగూ కదలాల్సిన ఓడ, ఖాళీగా పోవడం ఎందుకని టికెట్లు తక్కువకు అమ్ముతారు. రోజు లెక్కన చవకే. కానీ దాదాపు రెండు వారాలు పడుతుంది, దారిలో అజోర్స్ లేదా మదీరా లాంటి దీవుల్లో ఒకటి రెండు రేవులు, చాలావరకు ఫ్లోరిడాలో దించుతారు. మీకది పనికిరాదు. క్వీన్ మేరీ 2 ఈ దారికోసమే కట్టిన ఓడ, 2004 నుంచి తిరుగుతోంది, 30 నాట్ల దాకా వేగం, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లు.

గది మాత్రం కింది అంతస్తులో, ఓడ నడుమ తీసుకోండి. పక్కలకు ఊగకుండా స్టెబిలైజర్లు ఆపుతాయి కానీ, ముందూ వెనకా లేచిపడేదాన్ని అవి ఏమీ చేయలేవు. సముద్రం గట్టిగా ఉన్న రోజు మెట్ల రెయిలింగు పక్కన వాంతి కవర్లు పెడతారు, స్విమ్మింగ్ పూల్‌లో నీళ్ళు తీసేస్తారు, మేము ట్రేలలో పచ్చ ఆపిల్ ముక్కలూ బిస్కెట్లూ పంపేవాళ్ళం. భోజనం గురించి బుకింగ్ అప్పుడే చెప్పాలి, ఉల్లి వెల్లుల్లి వద్దంటే జైన్ అని రాయించండి, వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. టిప్పులు, వైఫై వేరే. డాక్టర్ ఉంటాడు, బిల్లు డాలర్లలో. నడి అట్లాంటిక్‌కు హెలికాప్టర్ రాలేదు, అందుకని ఇన్సూరెన్స్ లేకుండా ఎక్కొద్దు.

రేవు లేని రోజు అంటే మాకు నరకం. జనమంతా ఓడలోనే ఉంటారు, తినడం తప్ప పనుండదు.

తోతాపురి
చదివినారా మేడం? హెలికాప్టర్ కూడా రాదంట. సార్‌కు కాళ్ళ వాపు, ఏమన్నా అయితే ఎవరిని పిలుస్తారు?

మంగళంరోడ్డు_టీచర్
విమానంలో అయితే హెలికాప్టర్ వస్తుందా అండీ?

తోతాపురి
విమానం కొన్ని గంటల్లో ఎక్కడో ఒకచోట దిగుతుంది. ఓడ దిగదు.

పుత్తూరు_కట్టు
వైకుంఠం కాంప్లెక్స్‌లో పాలూ ఉప్మా తింటూ రోజంతా కూర్చునే జనం మనం. ఓడలో మంచం కూడా ఇస్తారు, వెళ్ళిరండి మేడం.

పంచాంగం_చూసి_చెప్తా
@కపిలతీర్థం తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణం, 12 డిగ్రీలకు ఒకటి. లోకమంతా ఒకే క్షణంలో మారుతుంది. మీరున్న చోట సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసుకుంటే చాలు, గడియారంతో పనిలేదు.

కపిలతీర్థం
'ఉన్న చోట' అంటే ఎక్కడ? ఓడ ఆగదు కదా. నిన్నటి సూర్యోదయం ఒకచోట, ఇవాళ్టిది ఇంకోచోట.

తోతాపురి
ఏకాదశి గొడవ తర్వాత పెట్టుకోండి సామీ. ఓడ అంటే నాకెందుకు మంటో చెప్తాను. మా అమ్మ పోయినప్పుడు మా అన్న పెళ్ళాంబిడ్డలతో ఇట్లాంటి షికారులోనే ఉన్నాడు. నెట్‌కు డబ్బు దండగని కట్టలేదంట. పెద్దకొడుకు వస్తాడని ఫ్రీజర్ బాక్స్‌లో పెట్టుకుని కూర్చున్నాం. బాక్స్ అద్దం మీద చెమ్మ పడుతుంటే మా చెల్లెలు టవల్‌తో తుడుస్తానే ఉంది. కడాకు నేనే తలకొరివి పెట్టినా. ఓడ దిగినాక ఫోన్ చేసి ఏడ్చినాడు. కర్మ అయిన వారానికి తోటలో వాటా గురించి మెసేజ్ పెట్టినాడు. ఆ ఏడు కాయకు ధర లేక చెట్టుకే వదిలేస్తిమి, ఏ వాటా ఇచ్చేది?

మంగళంరోడ్డు_టీచర్
అయ్యో, బాధగా ఉంది. కానీ మీ అన్నగారు చేసినదానికి నన్ను ఓడ దించేస్తే ఎలా?

తోతాపురి
దించేదానికి నేనెవరు? మీ బిడ్డ ఒప్పుకుందా, అది చెప్పండి. అంత పెద్ద పోస్టులో బిడ్డ ఏమనిందో ఒక్క మాట లేదు.

మంగళంరోడ్డు_టీచర్
ఒప్పుకోలేదు. జూన్‌లో తన లీవు అయిపోతుంది, పాపను చూసుకోవడానికి మేము ముందే అక్కడుండాలి. "ఆ వారం డేకేర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?" అన్నాడు మా అల్లుడు. నవ్వుతూనే అన్నాడు లెండి. పోయినసారి వెళ్ళినప్పుడు పొద్దున్నే టిఫిన్లు, లంచ్ బాక్సులు, పెద్దాడి స్నానం, రాత్రి డిష్‌వాషర్ సర్దడం, అంతా నేనే. ఎవరూ మాట అనలేదు, ప్రేమగానే చూశారు. గడప దాటాలంటే కారు కావాలి, కారు వాళ్ళది. అంతే. బడిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంటి వంట కూడా నాదే. నా పెన్షన్ డబ్బుతో ఒక్క వారం "అమ్మా" అని ఎవరూ పిలవని చోట కూర్చోవాలని ఉంది. కాళ్ళ వాపు నిజమే కానీ, ఓడకు అసలు కారణం అది కాదు.

తోతాపురి
అదీ సంగతి! ఎవరికీ దొరక్కూడదని పోతా ఉన్నారు. మా అన్నా ఇదే అన్నాడు, "నాకూ రెస్టు వద్దా" అని. ఇంటి దగ్గర ఒకరు పడి ఉంటేనే మేడం, ఇంకొకరికి రెస్టు. ఈడ నేను, ఆడ మీ బిడ్డ.

మంగళంరోడ్డు_టీచర్
ఇన్నేళ్ళూ ఆ పడి ఉన్నది నేనే తమ్ముడూ. మా అత్తగారిని చివరిదాకా చూసింది నేను. మంచం పట్టిన మామగారిని చూసింది నేను. ఒక్క వారం నా వంతు వేరేవాళ్ళను తీసుకోమంటే ఇంత పంచాయితీనా?

మోడరేటర్
వ్యక్తిగత విషయాల్లోకి పోకండి. ప్రయాణం గురించే మాట్లాడండి.

డెక్_కింద
అన్నా, ఇప్పుడు ఓడల్లో శాటిలైట్ నెట్ బాగుంది. డబ్బు కడితే వాట్సాప్ కాల్ కూడా వస్తుంది. మీరు భయపడినంత ఏమీ లేదు.

తోతాపురి
నెట్ మా అన్నకూ ఉండింది తమ్ముడూ. కట్టాలని అనిపించాల గదా.

పుత్తూరు_కట్టు
ఇంతకీ మేడం, టికెట్ తీసుకుంటున్నారా లేదా?

మంగళంరోడ్డు_టీచర్
అడ్వాన్సు ఎప్పుడో కట్టేశాను. మే నెలాఖరున ఎక్కుతాం.

తోతాపురి
కట్టేసినాక మమ్మల్ని అడిగేది దేనికి?

మంగళంరోడ్డు_టీచర్
మా అల్లుడు ఏమేమి అడుగుతాడో అవన్నీ ముందు ఇక్కడ వచ్చేస్తాయని. దాదాపు అన్నీ మీరే అడిగేశారు.

తోతాపురి
ఆ వారం పాపను చూసేది ఎవరో మాత్రం మీరింకా చెప్పలేదు.

కపిలతీర్థం
ఎక్కే తేదీ, దిగే తేదీ పెట్టండమ్మా. మధ్యలో ఏకాదశి పడుతుందేమో చూస్తాను.