1937 ఓటర్ల జాబితాలు ఎక్కడ దొరుకుతాయండీ?

మాది విజయనగరం జిల్లా, బొబ్బిలి దగ్గర పల్లె. 1920లో ఆస్తిపరులకే ఓటు, 1937కి తలుపు ఇంకాస్త తీశారు. బ్రిటిషోళ్లు అధికారం విడతలుగానే వదిలారు లెండి. ఆ 1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లోనే మా బొబ్బిలి రాజావారు సొంత గడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. కాంగ్రెస్‌కి కేటాయించిన పసుపు రంగు ఓట్ల పెట్టెలో చీటీ వేశానని మా ముత్తాత చెప్పేవారట. జమీందారీలో మామూలు రైతుకి ఓటెలా వచ్చింది? ఎంత శిస్తు కట్టాలి?

ఇంకోటి. 1935 భారత ప్రభుత్వ చట్టం విశాఖ ఏజెన్సీని (కొండ ప్రాంతాన్ని) పాక్షిక మినహాయింపు ప్రాంతంగా, అంటే గవర్నర్ చెబితేనే చట్టసభల చట్టాలు వర్తించే చోటుగా ఉంచింది కదా, మరి కొండమీద సవర, జాతాపు వాళ్లకి ఓటుండేదా?

ఆ జాబితాలు చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. మా కలెక్టరేట్‌లో అడగాలా, చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌కే వెళ్లాలా?