మూడు కొటేషన్లూ ఒకే చేతివని అనుమానం వస్తే ఎలా చూడాలి? పండగ డబ్బాల సంగతేంటి?

పీణ్య_స్టోర్స్:
బెంగళూరు పీణ్యలో వంద మంది లోపున్న మెషీన్ షాపుకి పర్చేజ్ నియమాలు రాయాలి. రెండు చోట్ల ఆగిపోయాను. ఆయుధ పూజ మొదలు దీపావళి దాకా వెండర్ల దగ్గర్నుంచి స్వీట్లు, డ్రై ఫ్రూట్స్, ఒక్కోసారి గిఫ్ట్ కార్డులు వస్తుంటాయి. "ఏదీ తీసుకోరాదు" అని ఒక్క ముక్క రాస్తే చాలా? రెండోది, 25 వేలు దాటిన ప్రతి కొనుగోలుకూ మూడు కొటేషన్లు తప్పనిసరి. ఫైల్లో మూడూ ఉంటాయి. కానీ మూడూ ఒకరే పుట్టించినవేమో అనిపిస్తే, ఎవర్నీ నిందించకుండా తేల్చుకోవడం ఎలా? పర్చేజ్ చూసే ఆయన పాతమనిషి, మన చిత్తూరు వైపాయనే. మొహం మీద అడిగే పరిస్థితి లేదు.

లెక్కల_మాస్టారు:
రెండోదే ముందు చూద్దామండీ, డబ్బు పోయేది అక్కడే. మనిషిని అడగక్కర్లేదు, కాగితాలు చాలు.

మూడు కొటేషన్ల మీది జీఎస్టీ నంబర్లు ఒకదాని కింద ఒకటి రాసుకోండి. మొత్తం 15 అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రం కోడ్: కర్ణాటకకు 29, తమిళనాడులోని హోసూరు వెండరైతే 33. 3 నుంచి 12 వరకు ఉన్నది పాన్. దుకాణాల పేర్లు వేరై ఈ పదీ ఒకటే అయితే యజమాని ఒక్కడే. ఆరో అక్షరం పీ అయితే ఒక్కడి సొంత వ్యాపారం, ఎఫ్ అయితే భాగస్వామ్యం, సీ అయితే కంపెనీ.

పాన్ వేరైతే మనుషులూ వేరేనని నమ్మేయకండి. భార్య పేరున ఒకటి, బావమరిది పేరున ఒకటి ఉండొచ్చు. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే నంబరు కొడితే అసలు పేరు, రిజిస్టరైన తేదీ, ప్రధాన చిరునామా, రిటర్నుల వివరం వస్తాయి. ఎప్పుడూ ఓడిపోయే ఆ రెండు దుకాణాలూ రిటర్నులే వేయట్లేదంటే, లేదా రెండింటి చిరునామా ఒకే వీధిలో ఒకే నంబరైతే, ఆగి చూడాల్సిందే. కంపెనీలైతే డైరెక్టర్ల పేర్లు కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్లో దొరుకుతాయి.

ఇక కొటేషనే. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో తయారుచేసిన పేరూ సమయమూ చూడండి. ఒకే స్పెల్లింగు తప్పు మూడింటిలో ఉందా చూడండి. అన్నిటికన్నా గట్టిది రేట్ల తీరు. ప్రతి ఐటెమ్‌కీ రెండోవాడు సరిగ్గా 4 శాతం, మూడోవాడు సరిగ్గా 7 శాతం ఎక్కువ వేశాడంటే అది పోటీ కాదు, కాలిక్యులేటర్ పని. నిజంగా పోటీ ఉంటే ఒకడు ఇన్సర్టుల్లో (టూల్‌కి బిగించే కోత ముక్కలు) చవగ్గా, ఇంకొకడు కూలెంట్‌లో (కోతప్పుడు చల్లబరిచే ద్రవం) చవగ్గా ఉంటాడు.

వీటిలో ఏ ఒక్కదాన్నీ రుజువనుకోకండి. ఒకే సేల్స్ ఏజెంటు ఇద్దరి తరఫున తిరగడమూ ఉంది. మూడు నాలుగు కలిసొస్తేనే కదపండి.

హోసూరు_రోడ్:
"ఏదీ తీసుకోరాదు" అన్న రూలు మొదటి ఆయుధ పూజకే పోతుంది. మెషీన్లకు కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టిన రోజు వచ్చిన మైసూర్ పాక్‌ని ఎవరూ తిప్పి పంపరు. దాచుకుంటారు. ఒకసారి దాచడం అలవాటైతే డబ్బాకీ గిఫ్ట్ కార్డుకీ తేడా పోతుంది.

గీత ఇక్కడ గీయండి: తినేవి ఏవైనా సెక్యూరిటీ దగ్గరే రిజిస్టర్లో ఎక్కి, నేరుగా క్యాంటీన్‌కి వెళ్లాలి. నగదు, గిఫ్ట్ కార్డు, వెండి నాణెం, ప్రయాణాలు, హోటల్ ఖర్చు ఒక్క రూపాయి విలువైనా కుదరదు. ఇంటికి పంపినవీ ఇందులోకే వస్తాయని విడిగా రాయండి, పెద్దవన్నీ ఇంటి అడ్రసుకే పోతాయి గనక. ఈ సంగతి పండగకు నెల ముందే ఎండీ సంతకంతో వెండర్లందరికీ ఉత్తరంగా పోవాలి. లోపల నోటీసు బోర్డుకి అంటిస్తే ఇచ్చేవాడికి తెలియదు కదా.

అకౌంట్స్ వాళ్లకి ఒక చిన్న పని. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్‌గా 2022 జులై 1న వచ్చిన నిబంధన ప్రకారం, వ్యాపార సంబంధంతో ఏడాదిలో 20 వేలు దాటిన కానుకకు ఇచ్చేవాడు 10 శాతం టీడీఎస్ (ముందే మినహాయించి కట్టే పన్ను) కట్టాలి. చిన్న సొంత వ్యాపారులకు మినహాయింపు ఉంది. కానుక మీ ఉద్యోగి వాడుకున్నా టీడీఎస్ మీ కంపెనీ పేరునే పడుతుంది. కంపెనీ పాన్ మీద ఆ పద్దు కనిపిస్తే, ఆ కానుక మీ రిజిస్టర్లో ఉందో లేదో చూసుకోండి.

టర్నర్_బావ:
అందరూ కొనడం చుట్టే తిరుగుతున్నారు. మెషీన్ షాపులో అమ్మేది కూడా ఉంది: చిప్స్, అంటే లోహాన్ని కోసేటప్పుడు రాలే తుక్కు.

రౌండ్ బార్ మీటరుకి ఎన్ని కిలోలో కావాలంటే మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగించండి. 50 ఎంఎం స్టీలు బారు మీటరుకి 15.43 కిలోలు. వంద మీటర్లు వాడితే 1,543 కిలోలు. తయారైన పార్టులు 940 కిలోలు తూగితే ముక్కలూ చిప్స్ కలిపి 600 కిలోల దాకా స్క్రాప్ లెక్క తేలాలి. చిప్స్‌కి కూలెంట్ తడి ఉంటుంది కాబట్టి బరువు కాస్త ఎక్కువే రావాలి. 450 అని రాసుంటే మిగతాది ఎటు పోయిందో అడగాలి.

మోసం ఎక్కువగా ఖాళీ బండి తూకంలో జరుగుతుంది. ఇద్దరు మనుషులూ నాలుగు ఇసుక మూటలూ ఉండగా తూస్తే ఖాళీ బరువు పెరిగి, మనకొచ్చే నికర బరువు తగ్గుతుంది. స్క్రాప్ కొనేవాడు చెప్పిన కాటాకి కాకుండా మీరు ఎంచుకున్నదానికి పంపి, రెండు చీటీలూ ఫోటోలతో తీసుకోండి.

అన్నట్టు, 25 వేల గీత ఉన్నచోట 24,600, 23,900 పీఓలు (కొనుగోలు ఆర్డర్లు) ఒకే వెండర్‌కి ఒకే వారంలో పడుతుంటాయి. వెండర్ వారీగా, వారం వారీగా కూడితే బయటపడతాయి. "అర్జెంట్" అని మూడు కొటేషన్లు తప్పించినవి నెలకెన్నో కూడా లెక్కపెట్టండి.

పీణ్య_స్టోర్స్:
ధన్యవాదాలండీ. ఏదైనా తేలితే ఎవరికి చెప్పాలి?

లెక్కల_మాస్టారు:
2013 కంపెనీల చట్టం 177(9) కింద ఫిర్యాదు ఏర్పాటు తప్పనిసరి అయ్యేది లిస్టెడ్ కంపెనీలకు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవాటికి, 50 కోట్లు దాటిన బ్యాంకు అప్పులున్నవాటికి. మీకు వర్తించకపోవచ్చు. అయినా పర్చేజ్ మీద అధికారం లేని ఒకరి పేరు నియమాల్లో రాయించండి. ఎండీ కావచ్చు, బయటి ఆడిటరైనా సరే. ఫిర్యాదులో పీఓ నంబర్లు, తేదీలు, తేడాలు మాత్రమే ఉండాలి, "తిన్నాడు" లాంటి మాటలు వద్దు. ఆయన్ని అడిగే ముందే మెయిళ్లూ అసలు ఫైళ్లూ కాపీ చేసి పెట్టాలి, ఆయన జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, పరువు నష్టం కేసు మీ మీదికే వస్తుంది. మన చిత్తూరాయన అని మినహాయింపు వద్దు, అదే కారణంతో అనుమానమూ వద్దు.

హోసూరు_రోడ్:
ఒకటి మర్చిపోయారు. చిన్న వెండర్ చాటుగా వాటా ఇచ్చేది ఆర్డర్ కోసమే కాదు, ఇరుక్కున్న బిల్లు కదలడానికి కూడా. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే చీటీ) పడిన రోజే చెల్లింపు తేదీ సిస్టమ్‌లో పడి, దాన్ని ఆపాలంటే కారణం రాసి సంతకం పెట్టాల్సి వచ్చేలా చేయండి.