లిలీ మర్లీన్: రెండు వైపులా సైనికులు విన్న వీడ్కోలు పాట

పాతరికార్డుల పిచ్చోడు:
ఈమధ్య రెండో ప్రపంచ యుద్ధం నాటి పాటల మీద పడ్డాను. అన్నీ ఒక ఎత్తు, ‘లిలీ మర్లీన్’ ఒక ఎత్తు. జర్మన్ సైనికుల పాట బ్రిటిష్ వాళ్ల నోళ్లలోనూ నానేదట! నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

రేడియో మావయ్య:
నిజమే. ఇది 1915లో హాన్స్ లైప్ అనే కుర్ర సైనికుడు రష్యా వైపు యుద్ధానికి వెళ్లబోతూ రాసుకున్న కవిత. బ్యారక్ గేటు, దీపస్తంభం, దాని కింద ప్రియురాలు. ఇంతలో లోపలికి రమ్మని బ్యూగుల్ (సైన్యంలో ఊదే బాకా). పుస్తకంలోకి ఎక్కింది 1937లో. మరుసటి ఏడు నోర్బర్ట్ షుల్ట్సె బాణీ కట్టాడు, 1939లో లాలె ఆండర్సన్ పాడింది. రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు.

1941లో జర్మన్లు యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌ను ఆక్రమించి అక్కడి రేడియోను తమ సైనికుల కోసం నడిపారు. వేద్దామంటే రికార్డులకు కరువు. ఉన్న కొద్దివాటిలో ఇదొకటి. రాత్రి పది కొట్టడానికి మూడు నిమిషాల ముందు, రోజూ ఇదే పాట! ఆ స్టేషన్ ఉత్తర ఆఫ్రికా ఎడారి దాకా అందేది. అక్కడ పోరాడుతున్న బ్రిటిష్ ఎనిమిదో సైన్యం వాళ్లూ వినేవారు. అందులో భారతీయ డివిజన్లు ఉన్నాయి, మనవాళ్ల చెవినా పడే ఉంటుందని నా అనుమానం.

గుంటూరు కారం:
అంటే నాజీలు పనిగట్టుకుని హిట్ చేయించిన పాటే కదా మావయ్యా?

రేడియో మావయ్య:
అబ్బే. నాజీల ప్రచార మంత్రి గోబెల్స్‌కు ఇదంటే ఒళ్లుమంట. యుద్ధం చేయాల్సినవాడు ఇంటిమీద బెంగపెట్టుకుంటే ఎలాగని. పైగా స్విట్జర్లాండ్‌లోని యూదు మిత్రులతో లాలె సంబంధాలు తెంచుకోలేదు. 1942లో ఆమెను వేదిక ఎక్కనివ్వలేదు. తర్వాత పాడనిచ్చినా ఈ పాట మాత్రం వద్దన్నారు.

హాంబర్గ్ కోడలు:
మా జర్మన్ క్లాసులో టీచర్ ఈ పాట పెట్టి సాహిత్యం చేతికిచ్చారు. బాణీ మార్చ్‌లా హుషారుగా ఉంటే నేనూ బల్లమీద తాళం వేశాను. చివరి చరణం అర్థమయ్యాక చెయ్యి ఆగిపోయింది. పాటలోని సైనికుడు భూమి అడుగునుంచి, ఆ నిశ్శబ్దంలోంచి లేచి వచ్చి మళ్లీ ఆ దీపం కింద నిలబడతానంటాడు. చచ్చిపోయాడన్నమాట! అంతకుముందు చరణంలోనే, నాకేమైనా అయితే నీతో ఆ దీపం కింద ఎవరు నిలబడతారో అని దిగులుపడతాడు.

సరిగమ:
ఇంగ్లీషులో ఆ చావు లేదండీ. 1944లో టామీ కానర్ రాసిన మాటల్లో అమ్మాయి ముఖం కలలోకి రావడం దగ్గర ఆపేశారు. నాకైతే అది పాట నడుం విరగ్గొట్టడమే. జర్మనీ వదిలి వచ్చి, హిట్లర్‌కు ఎదురు తిరిగిన సినిమా నటి మర్లీన్ డీట్రిచ్ అమెరికన్ సైనికుల ముందు ఇదే పాడింది. పేరు కలవడంతో పాట ఆవిడదేనని చాలామంది అనుకుంటారు.

గుంటూరు కారం:
నేనూ డీట్రిచ్ గొంతులోనే విన్నాను. ఆ బొంగురుతనానికి పడిపోయాను. లాలెది ఎలా ఉంటుందో?

హాంబర్గ్ కోడలు:
లాలెది తేలిక గొంతు, మొదట్లో బ్యూగుల్ వినిపిస్తుంది. ఆవిడ సమాధి జర్మనీలోని లాంగెయోగ్ దీవిలో ఉంది. కార్లు తిరగని దీవి, స్టీమర్‌లో వెళ్లాలి. అక్కడ దీపస్తంభానికి ఆనుకున్నట్టు ఆమె కంచు విగ్రహం పెట్టారు. మేం వెళ్లినప్పుడు ఫొటో దిగడానికి క్యూ కట్టారు జనం!

పాతరికార్డుల పిచ్చోడు:
అయితే ముందు 1939 రికార్డు వింటాను. హాంబర్గ్ గారూ, చివరి రెండు చరణాల భావం తెలుగులో వివరంగా పెడతారా?