వెండి కుందులు పాలిష్ పెడితే బరువెందుకు తగ్గాయి?

నెల్లూరమ్మాయి:
చెన్నై తిరువాన్మియూరులో, బకింగ్‌హామ్ కాలువకి దగ్గర్లో ఉంటున్నాం. అమ్మ పెట్టిన వెండి కుందులు మా ఊళ్ళో పండక్కోసారి తోమితే సరిపోయేది. ఇక్కడ రెండు నెలలకే బొగ్గులా అవుతున్నాయి. పోయినేడు వరలక్ష్మీ వ్రతానికి ముందు పాలిష్‌కి ఇస్తే 212 గ్రాములవి 208 తూగాయి. కొట్టాయన "మురికే పోయిందమ్మా, వెండి కాదు" అన్నాడు. నాలుగు గ్రాముల మురికా! మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంటారు. ఈసారి ఇంట్లోనే చేసుకునే దారి ఉందా?

పెరంబూరు పిన్ని:
పళ్ళపొడి, లేకపోతే విభూతి. మేము ఇరవై ఏళ్ళుగా అదే.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మా, ఆ నలుపు మురికి కాదు. మురుగునీటి దగ్గర కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది చూడండి, అది హైడ్రోజన్ సల్ఫైడ్. దానిలోని గంధకం మీ వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అయింది. అంటే ఆ నలుపు బరువులో నూటికి 87 వంతులు మీ వెండే! పళ్ళపొడితో తోమితే అదంతా తూములోకి పోతుంది. అలాగని నాలుగు గ్రాములూ నలుపేనంటే నేను ఒప్పుకోను, ఆ పొర చాలా పలచన. కొంత నూనె జిడ్డు అయ్యుంటుంది, కొంత పాలిష్ చక్రం గీకిన మంచి వెండి.

ముందు జిడ్డు కడగండి. స్టీలు గిన్నెలో రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ పరిచి, కుందులు దానికి తగిలేలా పెట్టి, రెండు చెంచాల వంటసోడా వేసి మరిగే నీళ్ళు పోయండి. అల్యూమినియం తన ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. గంధకం వెండిని వదిలేస్తుంది, వెండి మళ్ళీ వెండవుతుంది. కిటికీ తీసి ఉంచండి.

పెరంబూరు పిన్ని:
నగిషీల సందుల్లో కావాలని నలుపు పెట్టిన సామాను మాత్రం అందులో వేయకండి. అదీ పోతుంది. (పళ్ళపొడి మానేస్తున్నా మాస్టారూ.)

నెల్లూరమ్మాయి:
నిన్న చేశాను. పది నిమిషాల్లో తెల్లబడ్డాయి, అద్దంలా కాదుగానీ పాలమీగడలా. ఫాయిల్ మాత్రం మసకబారింది. వాసనకి అత్తగారు తూము పొంగిందేమోనని బాత్రూమ్‌లోకి పరిగెత్తారు. కిందింటి కిరాణా కాటా మీద పెట్టాం: 208. ఇవాళ పొద్దున్నే ఆవిడ పట్టీలు, కుంకుమ భరిణె తెచ్చి గట్టు మీద పెట్టారు, ఏమీ అనకుండా.