ప్రాగ్‌లో చార్లెస్ వంతెన ఫొటో కోసం తెల్లారకముందే లేవాలా, వద్దా?

సంచారిణి:
అక్టోబర్ మొదటి వారంలో చెక్ రాజధాని ప్రాగ్ వెళ్తున్నాం. ఉండేది శని, ఆదివారాలే. పాత ఊరంతా నడిచే చూద్దామని అనుకున్నాం, అంతవరకు గొడవ లేదు. చార్లెస్ వంతెన మీద ఒక్క మనిషి కూడా లేని ఫొటో కావాలట మా ఆయనకి. రెండు రోజులూ ఐదింటికే అలారం పెడతానంటున్నారు. సెలవు పెట్టుకుని వెళ్లి అక్కడ కూడా డ్యూటీకి లేచినట్టు లేవాలా? అసలు జనం లేకపోతేనే ఫొటోనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఇంట్లో చూపించాలి.

గోదారోడు:
చూపిస్తే మీకే నష్టమండి, నేను మీ ఆయనగారి పక్షం. కానీ జనం కోసం కాదు, వెలుగు కోసం లేవాలి. వంతెనకి తూర్పున ఓల్డ్ టౌన్, పడమటి గట్టున కోట. పొద్దుటి ఎండ తిన్నగా కోట మీద పడుతుంది. అక్కడే నిలబడి వెనక్కి తిరిగితే ఓల్డ్ టౌన్ బురుజు, రెండు పక్కలా విగ్రహాలు నల్లగా, వాటి వెనక ఆకాశం ఎర్రగా. సాయంత్రం సూర్యుడు కోట వైపే దిగుతాడు కాబట్టి ఆ రంగులేవీ కోట గోడల మీద కనిపించవు.

పైగా అది 1357లో రాజు నాలుగో చార్లెస్ మొదలుపెట్టించిన వంతెన. పొడవు అర కిలోమీటరు పైనే ఉన్నా వెడల్పు పది మీటర్లు కూడా ఉండదు. పది దాటాక బొమ్మలు గీసేవాళ్లు, పూసలు అమ్మేవాళ్లు, గొడుగు పైకెత్తుకుని నడిచే గైడ్లు. కెమెరా కంటికి ఆనించేలోపు ఎవరి బ్యాగో వచ్చి తగులుతుంది.

ఐదింటికి మాత్రం అక్కర్లేదు. ఆ రోజుల్లో అక్కడ తెల్లారేది ఏడింటి ప్రాంతంలో. ఆరుంపావుకి బయటపడితే చాలు. జూన్‌లో వెళ్లేవాళ్లని చూసి జాలిపడాలి, ఐదింటికే సూర్యుడు వచ్చేస్తాడు.

పాతరీలు:
వెలుగు సంగతి ఒప్పుకుంటాను గోదారోడు గారూ. జనం అడ్డం అన్నారే, అది ఒప్పుకోను. ఆ 30 విగ్రహాల్లో చాలావరకు నకళ్లే. అసలువి ఎండకీ వానకీ పాడవకుండా తీసి లోపల దాచారు. అంటే ఖాళీ వంతెన ఫొటోలో ఉండేది నకలు రాళ్లు, కాస్త పొగమంచు. అదే ఫొటో పోస్టుకార్డు మీద మనకన్నా బాగా దొరుకుతుంది.

నెపోముక్ జాన్ అనే క్రైస్తవ మతగురువు విగ్రహం వంతెన మీదే ఉంది, దాని దగ్గరికి మిట్టమధ్యాహ్నం వెళ్లండి. 1683 నాటి కంచు విగ్రహం, వంతెన మీద అన్నిటికన్నా పాతది. 1393లో రాజు నాలుగో వెన్సెస్లాస్ ఈయన్ని నదిలోకి తోయించాడు. విగ్రహం కింద రెండు కంచు పలకలుంటాయి. ఒకదాని మీద ఆయన్ని వంతెన మీంచి పడేస్తున్న దృశ్యం, ఇంకోదాని మీద ఒక వీరుడు, పక్కన కుక్క. ముట్టుకుంటే మంచి జరుగుతుందని వచ్చినవాళ్లంతా రుద్దుతారు. మన గుళ్లో నంది మూపురం నున్నబడినట్టు అక్కడ కుక్కా, పడిపోతున్న మనిషీ మాత్రం బంగారంలా మెరుస్తుంటాయి, మిగతా పలకంతా నల్లగానే ఉంటుంది. ఆ మెరుపు మీద ఒకదాని వెనక ఒకటిగా చేతులు: ముడతలు పడ్డది, ఐస్‌క్రీం కారుతున్నది, నాన్న ఎత్తుకుంటే అందుకున్న చంటిపిల్లది. ఆరింటికి వెళ్తే మెరుపు ఉంటుంది, చేతులుండవు.

డ్రెస్డెన్ తమ్ముడు:
నేను జర్మనీలో డ్రెస్డెన్‌లో చదువుకుంటున్నా, ఇక్కణ్నుంచి ప్రాగ్‌కి రైల్లో రెండున్నర గంటలు. పొద్దున్నే ఖాళీగా ఉంటుందని ఎవరు చెప్పారన్నా? ట్రైపాడ్లు, తెల్ల గౌన్లలో పెళ్లికూతుళ్లు, వాళ్ల అసిస్టెంట్లు. ఒకసారి మనవాళ్ల ప్రీ వెడ్డింగ్ షూట్ కూడా తగిలింది. కెమెరామన్ "బావా, కొంచెం నవ్వు" అని అరిస్తే నేనూ నవ్వేశా.

జనం వద్దనుకుంటే పగలే లెన్స్‌కి ముదురు ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుగు తగ్గించే నల్లద్దం, వేసి నిమిషం ఎక్స్‌పోజర్ ఇవ్వొచ్చు, అంటే షట్టర్ అంతసేపూ తెరిచే ఉంచొచ్చు. నడిచేవాళ్లు మాయమైపోతారు. సెల్ఫీకి నిలబడ్డవాళ్లు మాత్రం దెయ్యాల్లా మిగులుతారు, అది వేరే సంగతి.

గోదారోడు:
ఫిల్టర్‌తో మనుషులు పోతారు తమ్ముడూ, మధ్యాహ్నపు ఎండ పోదు కదా!

పాతరీలు గారూ, ప్రాగ్‌ని చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ కన్నా బాగా తీసినవాళ్లు నాకు తెలీదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. మిగిలిన చేత్తోనే 1894 నాటి పనోరమా కెమెరా, స్టాండు మోసుకుంటూ ఊరంతా తిరిగాడు. ఆయన తీసిన ప్రాగ్‌లో మనుషులు ఎంతమంది ఉన్నారు? వెతుక్కోవాలి. ఆయనవీ పోస్టుకార్డులేనా?

పాతరీలు:
మంచి పేరే తెచ్చారు. కానీ సుదెక్ ఆ ఊళ్లో కాపురమున్నాడండీ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మొదలుపెట్టి తన స్టూడియో కిటికీనే, అద్దం మీద పట్టిన తేమనే ఏళ్ల తరబడి తీశాడు. అంత ఓపిక ఉన్నవాడికి మనుషులు అక్కర్లేదు. శనివారం దిగి ఆదివారం రైలెక్కేవాళ్లకి ఆయన్ని చూపించి అలారం పెట్టించడం అన్యాయం.

సంచారిణి గారూ, పడుకోండి. టిఫిన్ తిని 22 నంబర్ ట్రామ్‌లో కోటకి పైన ఉన్న పొహోర్జెలెట్స్ స్టాప్ దాకా వెళ్లి అక్కణ్నుంచి కిందికి నడవండి, ఎత్తు ఎక్కే బాధ ఉండదు. కోట వెనక నోవీ స్వ్యెత్ అని చిన్న వీధి ఉంది. పగలు కూడా అడుగుల చప్పుడు వినిపించేంత ప్రశాంతంగా ఉంటుంది. ఖాళీ వీధి కావాలన్న మీ ఆయనగారి సరదా అక్కడ తీరుతుంది. కోట దాటి నెరుదోవా వీధిలోకి దిగితే తలుపుల పైన గుర్తులు చూడండి: మూడు ఫిడేళ్లు, రెండు సూర్యులు, బంగారు తాళంచెవి. 1770లో ఇళ్లకి నంబర్లు వేయకముందు అవే అడ్రసులు. వీధి చివర నుంచి వంతెన ఎంతో దూరం లేదు. గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి, రాళ్లు పరిచిన వీధులు మడమల్ని పిండేస్తాయి.

సంచారిణి:
ఇద్దరికీ థాంక్స్. చదివి వినిపించాను. గోదారోడు గారి మాట వరకు విని మా ఆయన ఫోన్ లాక్కున్నారు. చివరికి రాజీ ఏంటంటే శనివారం ఆయన ఒక్కరే వెళ్తారు, నేను లేవను. ఆదివారం ట్రామ్. ఆ కుక్క ఏ పక్కన ఉంటుందండీ?

పాతరీలు:
మీరు కోట వైపు నుంచి వస్తారు కాబట్టి ఎడమ పక్కన చూడండి. విగ్రహం తల చుట్టూ అయిదు బంగారు నక్షత్రాలుంటాయి. అవి కనపడకపోయినా ఫరవాలేదు, ముందు క్యూ కనపడుతుంది.