అమెరికా తొలినాటి ప్రెస్డ్ స్టీల్ బొమ్మలు: బడ్డీ ఎల్ నిజంగా మొదటిదేనా?

ప్రశ్న

పాత అమెరికన్ బొమ్మ లారీల చరిత్ర చదువుతున్నాను. నాకు దొరికిన వ్యాసాలలో చాలావరకు ప్రెస్డ్ స్టీల్ (ఉక్కు రేకును ప్రెస్సులో ఒత్తి ఆకారమిచ్చిన) బొమ్మల కథను 1921లో బడ్డీ ఎల్‌తోనే మొదలుపెడుతున్నాయి. అంతకుముందే పలుచని తగరపు రేకు బొమ్మలు, పోత ఇనుము బొమ్మలు విరివిగా అమ్ముడయ్యేవి కదా! మరి ఈ సంస్థకు అంత ప్రాముఖ్యం ఎలా దక్కింది? తరువాత వచ్చినవారంతా దాన్ని అనుకరించినవారేనా? తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

బడ్డీ ఎల్ మొదటిది కాదు. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో డి.పి. క్లార్క్ సంస్థ 1890ల చివరి నుంచే లోపల బరువైన చక్రం అమర్చిన ఉక్కు రేకు బొమ్మ బండ్లను తయారుచేసింది. నేలకు ఆనించి ముందుకు రుద్ది వదిలితే, ఆ చక్రం పుంజుకున్న వేగంతో బండి తనంతట తానే పరుగెత్తేది. న్యూ హాంప్‌షైర్‌లోని కీన్ పట్టణంలో హ్యారీ కింగ్స్‌బరీ, తాను కొన్న విల్కిన్స్ బొమ్మల కర్మాగారాన్ని పోత ఇనుము నుంచి క్రమంగా కీ ఇస్తే నడిచే ఉక్కు రేకు మోటారు బండ్ల వైపు మళ్లించారు.

అయినా బడ్డీ ఎల్‌కు దక్కిన పేరు న్యాయమైనదేనని నా అభిప్రాయం. ఇలినాయ్ రాష్ట్రంలో ఫ్రెడ్ లండాల్ 1910లో స్థాపించిన మోలీన్ ప్రెస్డ్ స్టీల్ కంపెనీ అసలు బొమ్మల సంస్థే కాదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ లారీలకు మడ్‌గార్డుల వంటి రేకు భాగాలు తయారుచేసి ఇచ్చేది. బడ్డీ అని పిలుచుకునే తన కొడుకు కోసం ఆ కర్మాగారపు రేకుతోనే ఆయన ఒక లారీ చేశారు. అది చూసినవారికి నచ్చడంతో 1921లో బడ్డీ ఎల్ పేరుతో బొమ్మలను అమ్మకానికి తెచ్చారు. బొమ్మలే వృత్తిగా ఉన్న సంస్థ సాధారణంగా పలుచని రేకునే ఎంచుకుంటుంది, ఎందుకంటే మందమైన రేకును వంచాలంటే పెద్ద ప్రెస్సులు, దృఢమైన డైలు (ఆకారమిచ్చే అచ్చులు) కావాలి. లండాల్ దగ్గర అవన్నీ ముందే ఉన్నాయి. కాబట్టి ఆయన 18 నుంచి 20 గేజ్ రేకును, అంటే సుమారు ఒక మిల్లీమీటరు మందం గలదాన్ని వాడి, రెండడుగుల పొడవున్న లారీలు చేయగలిగారు. పోత ఇనుము బొమ్మ రాతిమీద పడితే పగులుతుంది. ఈ లారీకి సొట్ట పడుతుందే తప్ప అది విరగదు. ఆవిరి తవ్వకపు యంత్రం, కాంక్రీటు కలిపే యంత్రం వంటివి కూడా అదే దృఢత్వంతో వచ్చాయి. నా దృష్టిలో ఆ కాలపు బొమ్మలలో వీటికి సాటి లేదు.

రెండవ సమాధానం

పై వివరణతో ఏకీభవిస్తున్నాను, కానీ తరువాతివారిని అనుకరించినవారిగా మాత్రమే చూడడం సరికాదు. ఇలినాయ్‌లోని ఫ్రీపోర్ట్‌లో 1908లో మొదలైన స్ట్రక్టో, పిల్లలు స్వయంగా బిగించుకునే నిర్మాణ సామగ్రి పెట్టెల నుంచి బండ్లకు వచ్చింది. బోస్టన్‌లోని కీస్టోన్ మొదట పిల్లల సినిమా ప్రొజెక్టర్లు చేసి, 1920ల మధ్యలో ప్యాకార్డ్ మోటారు కార్ల సంస్థ అనుమతితో ఆ పేరున్న లారీలను తెచ్చింది. లండాల్ నడిచిన దారికి దగ్గరగా ఉన్నది క్లీవ్‌లండ్‌లోని మర్రే ఒహాయో సంస్థ: 1919లో మోటారు విడిభాగాలతో ప్రారంభమై, స్టీల్‌క్రాఫ్ట్ పేరుతో పెడల్ కార్లు, లారీలు చేసింది. సెయింట్ లూయిస్‌లోని మెటల్‌క్రాఫ్ట్ మాత్రం మరో మార్గం పట్టింది. విమాన చోదకుడు లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటిన తరువాత ఆయన విమానం నమూనాను విడిభాగాలుగా అమ్మి, ఆపైన కోకా-కోలా, హైంజ్ వంటి సంస్థల పేర్లు రాసిన ప్రచార లారీలు చేసింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అంత దృఢమైన బొమ్మలు 1930ల తరువాత తగ్గిపోవడానికి కారణం ఏమిటి?

మూడవ సమాధానం

ప్రధాన కారణం ఆర్థిక మాంద్యం. మందమైన రేకు, అధిక బరువు, ఎక్కువ ధర గల బొమ్మను కొనే కుటుంబాలు తగ్గిపోయాయి. లండాల్ కూడా 1930లో మరణించారు. మిషిగన్‌లోని వయాండాట్ వంటి సంస్థలు చిన్నవి, తేలికైనవి, చవకైనవి తయారుచేసి ఆ కాలంలో నిలదొక్కుకున్నాయి. 1942లో యుద్ధ అవసరాల కోసం లోహపు బొమ్మల తయారీని ప్రభుత్వం నిలిపివేయించింది. అప్పుడు బడ్డీ ఎల్ చెక్క బొమ్మలకు మళ్లింది, కింగ్స్‌బరీ బొమ్మల పనినే వదిలేసింది. యుద్ధం ముగిశాక మందమైన రేకు బొమ్మలను మళ్లీ నిలబెట్టినది మిన్నెసోటాలోని మౌండ్ పట్టణంలో 1946లో మొదలైన మౌండ్ మెటల్‌క్రాఫ్ట్. తోటపని పనిముట్ల కోసం పెట్టిన ఆ సంస్థ మరుసటి ఏడాదే బొమ్మలు చేపట్టి, 1955లో టోంకా టాయ్స్‌గా పేరు మార్చుకుంది.