రింగ్‌టోన్ షాపులో ఎక్కించుకోవాలా, మనమే కోసి పెట్టుకోవాలా?

గాజువాక_బీషిఫ్ట్

మా నాన్న స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. కొత్త ఫోన్ కొన్నాక ఆయన మొదట అడిగింది అప్పన్న స్వామి పాట రింగ్‌టోన్‌గా పెట్టమని. నేను డ్యూటీలో ఉండగా పక్కింటి కుర్రాడు ఏదో ఫ్రీ రింగ్‌టోన్ల యాప్ దించి పెట్టాడు. పాట వచ్చింది. దాంతోపాటు ఫోన్ తెరిచినప్పుడల్లా తెర నిండా యాడ్స్ రావడం మొదలైంది. ఎక్కడ నొక్కితే పోతాయో, ఎక్కడ నొక్కితే డబ్బులు పోతాయో తెలియక ఆయన ఫోన్ ముట్టుకోవడానికే భయపడ్డారు. యాప్ తీసేశాక గానీ ఆ గోల ఆగలేదు.

నా మాట సూటిగా చెప్తున్నాను. రింగ్‌టోన్ కోసం యాప్ అక్కర్లేదు. ఊరూపేరూ లేని సైట్లు అసలే వద్దు. షాపులో మెమరీ కార్డు ఇచ్చి గంపగుత్తగా పాటలు నింపించుకోవడం కూడా మానాలి. మన దగ్గరున్న పాటలోంచి కావలసిన ముక్క కంప్యూటర్‌లో కోసుకుని, కేబుల్‌తో ఫోన్‌లోకి పంపుకుంటే సరిపోతుంది. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

పూర్ణామార్కెట్_సెల్‌షాపు

నేను కాదంటాను అన్నా. మీ ఇంట్లో కంప్యూటర్ ఉంది, చేసిపెట్టే కొడుకున్నాడు. నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళు వేరు. మార్కెట్‌లో బస్తాలు మోసేవాళ్ళు, హార్బర్‌లో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు, కేజీహెచ్ ఆసుపత్రిలో మనిషిని చేర్పించి బయట కూర్చున్న ఏజెన్సీ కొండప్రాంతాల వాళ్ళు. చాలామంది చేతిలో కీప్యాడ్ ఫోనే. వాళ్ళకి ఆడాసిటీ అని చెప్పమంటారా?

ఇంకో సంగతి మీరెవరూ ఆలోచించినట్టు లేదు. చదవడం రానివాళ్ళకి తెర మీద పేరు కనబడి ఏం లాభం? పెద్దకొడుకు చేస్తే ఒక పాట, కూతురు చేస్తే ఒక పాట, మేస్త్రీ చేస్తే మామూలు బెల్లు. చెవితోనే మనిషిని గుర్తుపడతారు. అలా పెట్టించుకోవడానికి నా దగ్గరికి వస్తారు. దానికి తీసుకునే ఇరవయ్యో ముప్పయ్యో రూపాయలు నా పనికి కూలి. ఇది మీకు సరదాగా కనిపించొచ్చు, వాళ్ళకి అవసరం.

సీతమ్మధార_వకీలు

షాపు తమ్ముడు చెప్పిన అవసరం నిజమే. కానీ చట్టం సంగతి కూడా తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(ఎ) ఉంది. సొంత, వ్యక్తిగత వాడకం కోసం న్యాయంగా చేసుకునే వినియోగం ఉల్లంఘన కిందికి రాదని అది చెప్తుంది. మీరు కొన్న పాటలో అర నిమిషం ముక్క కోసి మీ ఫోన్‌లో పెట్టుకోవడం దీని నీడలోకి వస్తుందని నా అభిప్రాయం. షాపు కంప్యూటర్‌లో వేల పాటలు దాచి, వచ్చినవాళ్ళందరికీ డబ్బు తీసుకుని కాపీ చేసి ఇవ్వడం వ్యక్తిగత వాడకం కాదు, వ్యాపారం. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చిన్న షాపువాళ్ళలో చాలామందికి ఇంత ఉందని తెలియదు. తమ్ముడి మీద కోపంతో చెప్పడం లేదు, జాగ్రత్త కోసం చెప్తున్నాను.

భక్తి పాటలకి ఇదేమీ వర్తించదని కొందరనుకుంటారు. అన్నమయ్య కీర్తన సాహిత్యం ఎవరి సొత్తూ కాదు, నిజమే. దాన్ని ఈమధ్య ఒక గాయని పాడి విడుదల చేసిన రికార్డింగ్ మాత్రం హక్కుదారుదే. సౌండ్ రికార్డింగ్‌కి హక్కు విడుదలైన తర్వాతి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 1964లో వచ్చిన రికార్డుకి 2024 డిసెంబరు 31తో గడువు అయిపోయింది. సినిమా పాటైతే రాసినవారి, బాణీ కట్టినవారి హక్కులు విడిగా ఉంటాయి, అవి వాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు నడుస్తాయి.

ఎంవీపీ_టీచర్

యాప్‌లన్నీ చెడ్డవన్న మాటతో నేను ఏకీభవించను. ఏ యాప్ ఏ అనుమతి అడుగుతోందో చూడడం నేర్పితే చాలు. రింగ్‌టోన్ పెట్టే యాప్ ‘సిస్టమ్ సెట్టింగ్స్ మార్చడానికి’ అనుమతి అడిగితే అర్థముంది, అది లేకుండా టోన్ మార్చలేదు. ఒక్కొక్కరికి ఒక్కో టోన్ పెట్టాలంటే కాంటాక్ట్స్ అడగడంలోనూ అర్థముంది. ఎస్ఎంఎస్‌లు చదువుతానంటే మాత్రం వెంటనే తీసేయాలి. ఓటీపీలు వచ్చేది అక్కడికే. యాక్సెసిబిలిటీ, అంటే తెర మీదున్నది చదివి మన బదులు నొక్కగలిగే అనుమతి, అడిగినా అంతే. పాటకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

యాప్‌ల కంటే పెద్ద ప్రమాదం వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు. ‘పండగ రింగ్‌టోన్’ అని పంపిన ఫైలు పాటే అయితే దాని పేరు చివర ఎంపీ3 అనో, ఎం4ఏ అనో ఉంటుంది. ఏపీకే అంటే అది పాట కాదు, ఫోన్‌లో దూరే ప్రోగ్రామ్. నొక్కేసి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఈ సంగతి మా పిల్లలకి క్లాసులో చెప్తాను, ఇంటికెళ్ళి అమ్మమ్మ ఫోన్‌లో చూసి రమ్మంటాను.

మద్దిలపాలెం_హాస్టల్

ఐఫోన్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ యాపిల్ వాళ్ళ పాటల తయారీ యాప్ గరాజ్‌బ్యాండ్ తోనో, కంప్యూటర్‌లో పాటని ఎం4ఆర్ అనే ఐఫోన్ రింగ్‌టోన్ ఫైలుగా మార్చో పెట్టుకోవాల్సి వచ్చేది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 నుంచి ఆ బాధ తప్పింది. ఫైల్స్ యాప్‌లో ఉన్న ఎంపీ3 మీద షేర్ నొక్కితే రింగ్‌టోన్‌గా వాడుకునే ఆప్షన్ వస్తుంది, ముక్క 30 సెకన్ల లోపు ఉండాలి. పాటల యాప్‌లలో నెలనెలా కట్టి ‘డౌన్‌లోడ్’ చేసుకున్నవి మాత్రం ఏ ఫోన్‌లోనూ ఇలా పనికిరావు. అవి ఆ యాప్ లోపలే తాళం వేసి ఉంటాయి. డబ్బు కట్టినవాడికి రింగ్‌టోన్ హక్కు లేకపోవడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

హార్బర్_మరబోటు

మీరంతా ఎలా ఎక్కించాలో మాట్లాడుతున్నారు. మోగితే వినబడాలి కదా! బోటు ఇంజిన్ పక్కన, ఐస్ ఆడించే చోట, వేలం పాట కేకల్లో మా ఫోన్లు మోగుతాయి. బేస్, డప్పు బాగా ఉన్న పాటలు పెట్టుకుంటారు మావాళ్ళు, ఒక్కటీ వినబడదు. ఫోన్ స్పీకరు చిన్నది, లోతు శబ్దాన్ని అది బయటికి తేలేదు. నాదస్వరమో, వేణువో, పైస్థాయిలో ఆడగొంతో ఉన్న చోట కోయాలి. మన చెవికి బాగా పట్టేది 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య శబ్దమే.

రెండోది, పాట మొదటినుంచీ పెట్టకండి. సన్నగా మొదలై మెల్లగా పెరిగే పాట అయితే మనకి వినబడేసరికి అవతలివాళ్ళ ఫోన్ కట్టయిపోతుంది. మొబైల్ 30 సెకన్లే మోగాలని 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించింది, ల్యాండ్‌లైన్ అయితే 60. కాబట్టి గొంతెత్తే చోటు నుంచి 30 సెకన్లు కోస్తే చాలు, అంతకు మించి ఉన్నదంతా దండగ. షాపుల్లో ఈ పని చేయరు. పాట మొత్తం పడేసి పంపేస్తారు. నాకు షాపుల మీద ఉన్న ఫిర్యాదు ఇదే.

కంచరపాలెం_అత్త

అమ్మాయికి ఫోన్ చేస్తే పాట వస్తుంది, అదే నాకూ కావాలి అంటే షాపులో ఏదో నొక్కారు. నెలనెలా బ్యాలెన్స్ పోతోంది. అది కూడా రింగ్‌టోనేనా?

ఎంవీపీ_టీచర్

కాదు అత్తా. అది కాలర్ ట్యూన్. మీకు ఫోన్ చేసినవాళ్ళకి వినిపించేది, కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, మీ ఫోన్‌లో ఉండదు. కొన్ని ప్లాన్లలో ఉచితం, కొన్నిటిలో నెలకింత. వద్దనుకుంటే 155223కి ఉచితంగా ఫోన్ చేసి ఆపేయించుకోవచ్చు. మీ ఫోన్‌లో మోగే రింగ్‌టోన్‌కి నెలనెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు.

గాజువాక_బీషిఫ్ట్

షాపు తమ్ముడి మాట విన్నాక కూడా నా అభిప్రాయం మారలేదు. అయితే కేబుల్ అంటే అందరూ ఎందుకు భయపడుతున్నారో అర్థమైంది. ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలిస్తే మొదట ఛార్జింగ్ మాత్రమే అవుతుంది, ఫైళ్ళు కనబడవు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఫోన్ పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి, యూఎస్‌బీ అన్న చోట ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. అప్పటికీ కనబడకపోతే కేబుల్ మార్చండి. కొన్ని చవక కేబుళ్ళలో డేటా తీగలే ఉండవు, ఛార్జింగ్‌కి తప్ప పనికిరావు. ఫోన్ కనబడ్డాక అందులోని రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లో ఫైలు వేస్తే, సెట్టింగ్స్‌లో సౌండ్ కింద మిగతా టోన్లతోపాటు అదీ కనిపిస్తుంది. 30 సెకన్ల ముక్క 128 కేబీపీఎస్ నాణ్యతలో అర ఎంబీ కూడా ఉండదు.

కీప్యాడ్ ఫోన్‌కి మెమరీ కార్డు తీసి రీడర్‌లో పెట్టి ఇదే పని చేయొచ్చు. ఇంటికో కంప్యూటర్ లేకపోయినా వీధికొకటి ఉంటుంది, చదువుకున్న కుర్రాడూ ఉంటాడు.

పూర్ణామార్కెట్_సెల్‌షాపు

వీధికో కుర్రాడు ఉంటాడు అన్నా, ఖాళీగా ఉండడు. మనిషికో టోన్ పెట్టడం మీరనుకున్నంత తేలిక కూడా కాదు. నంబరు సిమ్‌లో ఉంటే విడిగా టోన్ పెట్టనివ్వదు. ముందు దాన్ని ఫోన్ మెమరీలోకి మార్చాలి. ఇది తెలియక ‘నా ఫోన్‌లో అవ్వట్లేదు’ అని ఇంట్లో పిల్లలు చేతులెత్తేస్తే నా దగ్గరికే తెస్తారు. కార్డు తీసేస్తే టోన్ పోయి మామూలు బెల్లు వస్తుంది, దానికీ నా దగ్గరికే.

లాయర్ గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. కస్టమర్ తన ఫోన్‌లో ఉన్న తన పాటే చూపించి, ‘ఇక్కడినుంచి ఇక్కడికి కోసి మా అబ్బాయి నంబరుకి పెట్టు’ అంటే, నేను పనికి మాత్రమే డబ్బు తీసుకుంటే?

సీతమ్మధార_వకీలు

అది చాలా నయం. పాట అమ్మినట్టు కాదు, పని చేసిపెట్టినట్టు. ఆ పాటని మీ కంప్యూటర్‌లో దాచుకోవద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు. షాపు కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్న పాటల గుట్టని మాత్రం నేను సమర్థించలేను.

ఎంవీపీ_టీచర్

పాటే ఎందుకు కావాలి? చదవడం రాని అమ్మకి కొడుకు గొంతే పెట్టండి. ‘అమ్మా, నేను పెద్దోణ్ణి, ఫోనెత్తు’ అని వాడి చేతే రికార్డు చేయించండి. ఎవరి హక్కులూ అడ్డురావు, ఏ సైటుకీ వెళ్ళక్కర్లేదు. స్మార్ట్‌ఫోన్ అన్నిటిలో ఇది కుదురుతుంది. కొన్ని కీప్యాడ్ ఫోన్లలో కూడా రికార్డు చేసిన గొంతుని నేరుగా టోన్‌గా పెట్టుకోవచ్చు.

హార్బర్_మరబోటు

ఇంట్లో ఉన్న అమ్మకి బాగుంటుంది మేడమ్. మా దగ్గర మగగొంతు ఇంజిన్ మోతలో కలిసిపోతుంది. కొడుకు బదులు చిన్న మనవరాలి చేత అరిపించండి, అది వినబడుతుంది.

పూర్ణామార్కెట్_సెల్‌షాపు

ఇది చేస్తాను. రికార్డింగ్‌కి డబ్బు తీసుకోను, నంబరు సిమ్ నుంచి ఫోన్‌లోకి మార్చి పెట్టినందుకు మాత్రం తీసుకుంటాను. పాటలు మానేస్తానని ఇప్పుడే చెప్పలేను. పాట అడిగినవాడికి మనవరాలి గొంతు ఇస్తే పక్క షాపుకి పోతాడు, అందరూ మానితేనే నేనూ మానగలను. అన్నా, మీ గాజువాక షాపులతో కూడా ఈ మాట అనండి.